నాలుగేళ్ళు అన్నం పెట్టినావిడని మావుసి అన్నావా బాబూ

పర్లాకిమిడి అబ్బాయి రాశాడు, 31 ఏళ్ళు, భువనేశ్వర్‌లో ఉద్యోగం. ఆన్‌లైన్‌లో వంశవృక్షం పెడుతున్నాడట, ముత్తాతల దాకా ఎక్కించాడు. బాబాయి గుణుపురంలో ఒక ఒడియా ఆవిడతో 22 ఏళ్ళుగా ఉంటున్నాడు, తాళి లేదు. మావయ్యగారు, అంటే ఇతని తాతగారు, ఒప్పుకున్నాకే తాళి అని ఆవిడే ఆగింది, ఆయన ఒప్పుకోకుండానే పోయారు. వాళ్ళకో కూతురు, ప్లస్ టూ చదువుతోంది. నాన్నగారేమో పిల్లని మా తమ్ముడి కింద వెయ్యి, తల్లి గడి ఖాళీగా వదిలెయ్, ఆవిడ మనకేమీ కాదు అన్నారట, ఇతనూ అలాగే చేశాడు. ఆ పిల్ల దాన్ని స్క్రీన్‌షాట్ తీసి "అన్నయ్యా, మా అమ్మ ఏదీ?" అని పంపింది. పెళ్ళి కాని జంటని ట్రీలో ఎలా చూపించాలి మేడమ్ అని ఇతని ప్రశ్న.

అది రెండు నిమిషాల పని బాబూ. ఇలాంటి ట్రీలు దాచుకునే జెడ్‌కామ్ ఫార్మాట్‌లో కుటుంబం వేరు, పెళ్ళి వేరు, పెళ్ళి అనేది ఆ కుటుంబంలో ఒక సంఘటన మాత్రమే, అది రాయకపోయినా ఇద్దర్నీ జంటగా కలిపి కింద పిల్లని పెట్టొచ్చు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల సైట్‌లో అయితే కలిసి జీవించారు అనే ఆప్షనే ఉంది. లేని పెళ్ళి తారీఖు మాత్రం కల్పించొద్దు.

నాకు గుచ్చుకున్నది నీ ఉత్తరంలో మధ్యన ఎక్కడో ఉన్న వాక్యం. గుణుపురంలో ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే అన్నావు, సోమవారానికి కూడా దాల్మా, అదే కూరగాయలేసిన పప్పు, డబ్బాలో పెట్టిచ్చేదన్నావు, జ్వరమొస్తే హాస్టల్ నుంచి తీసుకెళ్ళి పది రోజులు చూసుకుందన్నావు. ఆవిణ్ణి ఏమని పిలిచేవాడివో కూడా రాశావు, మావుసి అని. నేనూ ఈ పక్కదాన్నే, ఆ మాట నాకు తెలుసు. ఒడియాలో మావుసి అంటే అమ్మ అక్కచెల్లెలే కానీ బజార్లో కూరలమ్మే ఆవిణ్ణీ అలాగే పిలుస్తాం, ఇంట్లో గిన్నెలు తోమే ఆవిణ్ణీ అలాగే పిలుస్తాం. బాబాయి భార్యని ఖుడీ అంటారు. అది నీకు తెలీదా? తెలుసు. తెలిసే ఆ మాట తప్పించుకున్నావు, నాలుగేళ్ళు ఆవిడ చేతి అన్నం తింటూ తప్పించుకున్నావు, ఆవిడకి మాత్రం అర్థం కాలేదంటావా? ఇప్పుడు ట్రీలో వదిలింది కూడా ఆ ఖాళీయే.

ఆవిడ మనకేమీ కాదు అన్న మాటకి ఒకటి చెప్తాను, నాన్నగారికీ చెప్పు. 2022లో కేరళ నుంచి వచ్చిన ఒక ఆస్తి కేసులో సుప్రీంకోర్టు, ఆడా మగా ఏళ్ళ తరబడి భార్యాభర్తల్లా కలిసి బతికితే పెళ్ళయినట్టే అనుకోవాలి, కాదనేవాళ్ళే రుజువు చెయ్యాలి అంది. కోర్టే అంత గౌరవం ఇస్తుంటే పెంచిన చేతిని మనం కాదంటామా. ఒడియా పిల్ల అని తాతగారు వద్దన్నారట, పర్లాకిమిడి 1936లో ఒడిశాలో కలిసింది, బజారూ బడీ ఆఫీసూ అన్నీ ఆ భాషలోనే నడుపుకుంటూ ఇంటికొచ్చిన కోడలి దగ్గర మాత్రం అడ్డంపడ్డాం, మా ఇంట్లోనూ పడ్డారు, నాకు ఇప్పటికీ బాధే.

నాన్నగారు కోప్పడతారు, నిజమే. తండ్రి మాట వినాలని నమ్మేదాన్నే నేను, కానీ ఆయన పంతం కోసం నువ్వు ఒక పిల్లకి తల్లి లేదని రాయక్కర్లేదు. ఆయనకి చెప్పే మార్చు, దొంగతనంగా మార్చకు. నాన్నా, నేను పిన్ని పేరు రాస్తున్నాను అని ఎదురుగా కూర్చుని చెప్పు, ఆ పిన్ని అనే మాట ఆయన చెవిన పడాలి.

ఆదివారం గుణుపురం రైలెక్కు. ఖాళీ చేతులతో వెళ్ళకు, ఒక చీర పట్టుకెళ్ళు. ఖుడీ అను, నోరు తిరక్కపోతే పిన్నీ అను. పేరు పెట్టనా అని ఆవిణ్ణే అడుగు, బతికున్న మనిషి, 22 ఏళ్ళు దూరం పెట్టినవాళ్ళ మధ్యన నాకెందుకులే అంటే అనొచ్చు, ఆ హక్కు ఆవిడది. అప్పుడు కూడా ఆ పిల్లకి కారణం ఆవిడ నోటితోనే చెప్పించు.

చెల్లెలి మెసేజ్‌కి నాలుగు రోజులైనా జవాబివ్వలేదన్నావు. ఆదివారం దాకా ఆగకు. ఇవాళే ఫోన్ చెయ్, మెసేజ్ కాదు.