ఉబుంటు ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోయింది, 120 జీబీ కనిపించడం లేదు. ఫార్మాట్ చేయక తప్పదా?

విండోస్ పక్కన ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకుందామని 120 జీబీ విడదీశానని, ఇన్‌స్టాల్ ఆగిపోయాక ఆ చోటు ఎక్కడా కనిపించడం లేదని రాశారు. టెన్షన్ పడకండి. చోటు డిస్కులోనే ఉంది, ఫార్మాట్ అక్కర్లేదు.

అమీర్‌పేటలో కోర్సు చేస్తూ ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉన్నప్పుడు నాకూ ఇదే జరిగింది. ఇన్‌స్టాల్ దాదాపు చివరికొచ్చాక కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే పాడైంది. మర్నాడు ఒక రిపేరు షాపులో సరిగా చూడకుండానే మొత్తం ఫార్మాట్ కొట్టాలన్నారు. అందులో నా ప్రాజెక్టు, అక్క పెళ్లి ఫొటోలు ఉన్నాయి. ఒప్పుకోకుండా వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి. డిస్కుకి తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ రాసి పెట్టుకోండి. తర్వాత బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్) వెళ్లి బూట్ ఆర్డర్‌లో, అంటే ఏది ముందు మొదలవాలో చెప్పే వరుసలో, విండోస్ బూట్ మేనేజర్‌ని మొదట పెట్టండి. నేను ఇది చేయకుండా లినక్స్ పార్టిషన్ (ఉబుంటు కోసం డిస్కులో విడిగా చేసిన భాగం) తీసేశాను. రీస్టార్ట్ చేస్తే నల్ల తెర మీద గ్రబ్ రెస్క్యూ అని (గ్రబ్ అంటే లినక్స్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) వచ్చింది, చేతులు చల్లబడిపోయాయి. విండోస్‌కి ఏమీ కాలేదు, ఆర్డర్ మార్చగానే వచ్చేసింది.

ఇప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. లినక్స్ పార్టిషన్లకు డ్రైవ్ అక్షరం ఉండదు. సైజులు కలిపితే మీ 120కి దగ్గరగా రావాలి, అలా గుర్తుపట్టి వాటినే డిలీట్ చేయండి. కంప్యూటర్ మొదలవడానికి కావాల్సిన ఫైళ్లుండే ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ అని చిన్నది ఒకటి ఉంటుంది, తరచుగా 100 ఎంబీ. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు, అది పోతే విండోస్ బూట్ కాదు. విండోస్ రిపేరుకి పనికొచ్చే రికవరీ పార్టిషన్ జోలికీ వెళ్లకండి.

డిలీట్ చేసిన చోటు అన్‌అలొకేటెడ్ (ఎవరికీ కేటాయించనిది) అని నల్ల పట్టీతో కనిపిస్తుంది. ఇక్కడే నేను గంటసేపు ఇరుక్కుపోయాను. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులోనే ఉంది, నొక్కితే పనిచేయదు. కారణం, నేను చోటు తీసింది డీ డ్రైవ్ నుంచి. ఏ డ్రైవ్‌నైనా పెంచాలంటే ఖాళీ చోటు దానికి కుడివైపు ఆనుకునే ఉండాలి. డీ మీద నొక్కితే రెండు నిమిషాల్లో కలిసిపోయింది.

మీరు సీ నుంచే తీసినా కలవకపోతే, మధ్యలో చిన్న లినక్స్ ముక్క ఏదైనా మిగిలిందేమో చూడండి. అడ్డంగా ఉన్నది రికవరీ పార్టిషన్ అయితే జీపార్టెడ్ (పార్టిషన్లు జరిపే ఉచిత ప్రోగ్రామ్) లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి దాన్ని కుడివైపు చివరికి జరపాలి. ఛార్జర్ పెట్టే ఉంచండి, మధ్యలో ఆపితే డేటా పోవచ్చు.

మీ 512 జీబీ డిస్కు విండోస్‌లో 476 అని కనిపిస్తే ఆ తేడా కోసం వెతకకండి. తయారీదారు జీబీకి 100 కోట్ల బైట్లు లెక్కేస్తాడు, విండోస్ 1024 × 1024 × 1024 బైట్లు లెక్కిస్తుంది.