ఐదో నెల, హిమోగ్లోబిన్ 9.1. అంగన్‌వాడీ భోజనానికి వెళ్ళాలా?

మీ ప్రశ్న చదువుతుంటే నా 2018 ఎండాకాలం గుర్తొచ్చింది. మీకు ఐదో నెల నడుస్తోంది, రక్తం 9.1 ఉంది, ఆశా వర్కర్ రోజూ అంగన్‌వాడీకొచ్చి తినమంటోంది, అత్తగారేమో "మనింట్లో అన్నం లేదా" అంటున్నారు, మీకు చూస్తే మొహమాటం. పైగా గుడ్డు వేడి, బొప్పాయి వద్దు, ఎక్కువ తింటే కాన్పు కష్టం అని రోజుకో మాట. నాకప్పుడు 8.9. మిగతాదంతా మీ కథే.

వెళ్ళండి. ఇంట్లో తిండికి లోటుండి కాదు, ఇంట్లో ఉన్న తిండి మన కంచం దాకా రాదు కాబట్టి.

మాది సిద్దిపేట వైపు ఊరు. రక్తం తక్కువుందని తెలిసిన రోజే మా ఆయన గుడ్ల ట్రే తెచ్చి వంటింట్లో పెట్టాడు, 30 గుడ్లు. బావగారి పిల్లలు బడి నుంచి రాగానే ఆమ్లెట్ అంటారు. మామయ్యకు రాత్రి కూర లేకపోతే గుడ్డు పొరటు. వారం తిరక్కుండానే ట్రే ఖాళీ. అందులో నేను తిన్నవి లెక్కపెడితే నాలుగు. ఎవరూ నాకు వద్దనలేదు, అలాగని ఎవరూ నాకోసం పక్కన పెట్టనూ లేదు. అందరికీ వడ్డించి నేను కూర్చునేసరికి గిన్నెలో చారు మిగిలేది.

ఆరోగ్యలక్ష్మి పథకం తెలంగాణలో 2015 జనవరి 1న మొదలైంది. గర్భిణులకూ, కాన్పయ్యాక ఆరు నెలల దాకా బాలింతలకూ అంగన్‌వాడీలో ఒక పూట నిండు భోజనం: అన్నం, పప్పు, కూర, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. అక్కడే కూర్చుని తినాలి అనడమే ఇందులో అసలు కిటుకు. మొదట్లో నాకది అవమానంగా అనిపించింది. ఆంధ్రలో ఉన్న మా చెల్లెలికి రాగిపిండి, అటుకులు, బెల్లం, చిక్కీ, ఎండు ఖర్జూరం అన్నీ కిట్‌గా ఇంటికే ఇచ్చారు. అదృష్టవంతురాలు అనుకున్నా. తీరా చూస్తే చిక్కీలు రెండ్రోజుల్లో పిల్లల జేబుల్లోకి, రాగిపిండి ఇంటి డబ్బాలోకి పోయాయి. మీరుండే చోట సరుకులు ఇంటికిచ్చేటట్టయితే వాటిని మీ గదిలో వేరే డబ్బాలో పెట్టుకోండి. ఏమనుకుంటారో అని చూడొద్దు.

మొదటి రోజు స్టీలు కంచం, గ్లాసు కొంగు కింద దాచుకుని వెళ్ళాను. అక్కడ అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు, అందులో మాకంటే బాగా ఉన్న ఇంటి కోడలు కూడా ఉంది. మొహమాటం అక్కడికక్కడే సగం తగ్గింది. గుడ్డు వలవగానే ఆ వాసనకు కడుపులో తిప్పి బయటికి పరుగెత్తాను. ఆయమ్మ ఏమీ అనలేదు. మర్నాడు తనే గుడ్డు సన్నగా చిదిమి వేడి పప్పులో కలిపి, పైన ఇంత నిమ్మకాయ పిండి ఇచ్చింది. వాసన తెలియలేదు. కాన్పు దాకా అలాగే తిన్నాను. మీకూ వాసన పడకపోతే ఇలా చేసి చూడండి.

పాలు ఇంటికి తీసుకెళ్ళి తాగుదామనుకోవద్దు. నేను ఒకసారి తెచ్చాను, గుమ్మం దాటకముందే చిన్నోడి చేతిలోకి పోయాయి. ఇంకోటి, కేంద్రంలో అన్నీ రోజూ టంచనుగా ఉండవు. మాకు ఒక వారం పాలు రాలేదు, ఇంకోసారి గుడ్లు ఆలస్యమయ్యాయి. అందుకే ఇంట్లో పల్లీలు, వేయించిన సెనగలు ఎప్పుడూ చేతికందేలా పెట్టుకున్నాను.

తిండితోనే 9.1 పైకి రాదు, ఐరన్ గోలీ తప్పదు. మామూలుగా గర్భిణికి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తారు. ఒక్కో గోలీలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. రక్తం తక్కువున్న నాకు డాక్టర్ రెండు రాశారు. మీకెన్ని అనేది మీ డాక్టర్‌నే అడగండి. నేను చేసిన తప్పేమిటంటే గోలీ వేసుకుని వెంటనే టీ తాగడం. నెల గడిచినా అంకె కదల్లేదు. సబ్‌సెంటర్ సిస్టర్ అడిగితే గానీ సంగతి బయటపడలేదు. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు, పాలు, కాల్షియం గోలీ కూడా అంతే. తర్వాత టీ పొద్దున ఒక్కసారికి తగ్గించాను. ఐరన్ గోలీ మాత్రం రాత్రి తిన్నాక కాసేపాగి నిమ్మరసంతో వేసుకున్నాను. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. నేనైతే ఏదో అయిపోయిందని ఏడ్చేశాను. మలబద్ధకం కూడా ఉంటుంది, దానికి నీళ్ళు, జొన్నరొట్టె, జామకాయ నాకు పనిచేశాయి.

ఇక అత్తగారి మాటలు. పచ్చి బొప్పాయి వద్దనడం సరైనదే, అందులో తెల్లటి జిగురు పాలుంటాయి. బాగా పండింది తింటే ఇబ్బంది లేదని నా డాక్టర్ చెప్పారు. అయినా నేను తినలేదు. ఒక పండు కోసం ఇంట్లో యుద్ధమెందుకు, బత్తాయి ఉంది, జామ ఉంది. గుడ్డు దగ్గరా, తక్కువ తినమనే దగ్గరా మాత్రం తగ్గకండి. తక్కువ తింటే కాన్పు సులువు కాదు, బిడ్డ బరువు తగ్గుతుంది, మీరు నీరసిస్తారు. "ఇద్దరి తిండి తినాలి" అనేదీ నిజం కాదు. గర్భిణికి రోజుకు అదనంగా కావాల్సింది 350 కేలరీలని మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే సుమారుగా రెండు పుల్కాలు, ఒక గిన్నె పప్పు. ఆరో నెలలో షుగర్ పరీక్ష చేయించుకోండి. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూస్తారు, 140 లోపుండాలి. అది తెలిశాకే చలిమిడి పళ్ళేలు ముట్టుకోండి, సీమంతం సీజన్‌లో అవి ఆగకుండా వస్తాయి.

మా అత్తమ్మను నేను ఒప్పించలేదు. కేంద్రంలో అందరికీ కలిపి సీమంతం చేస్తున్నామని టీచరమ్మ ఇంటికొచ్చి పిలిచింది. అత్తమ్మ వచ్చి పొయ్యి దగ్గరే నిలబడింది, పప్పు రుచి చూసింది, ఉప్పు తక్కువైందంది. ఆ తర్వాత నేను బద్ధకిస్తే "పన్నెండయింది, కంచం తీస్కొని పో" అని తనే తరిమేది. మీ టీచర్‌ను ఒకసారి ఇంటికి రమ్మని అడగండి.

నాకు ఎనిమిదో నెలకు 10.4 అయింది, బాబు 2.8 కిలోలు పుట్టాడు. మీరు నెల తర్వాత మళ్ళీ రక్తం చూపించుకోండి. అంకె కదలకపోతే ఇంకో నెల ఆగకుండా, సెలైన్‌లో ఎక్కించే ఐరన్ గురించి డాక్టర్‌ను అడగండి. నడిస్తే ఆయాసం, గుండెదడ ఉంటే మాత్రం ఆ రోజే వెళ్ళండి.