సమాధానం: అర్చకుడి ఆర్-1కి అనుభవ పత్రాలు పంపినా ఆర్‌ఎఫ్‌ఈ

అర్చకుడి ఆర్-1 (మతపరమైన పనికి అమెరికా ఇచ్చే తాత్కాలిక వీసా) పిటిషన్‌తో అనుభవ పత్రాలు పంపినా ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు కావాలని అమెరికా వలస శాఖ పంపే నోటీసు) వచ్చిందని అడిగారు. చిక్కు బహుశా ఆ పత్రాల్లోనే ఉంది. ఆర్-1కి అడిగేది రెండేళ్ల ఉద్యోగం కాదు, పిటిషన్ వేసే నాటికి వెనకటి రెండేళ్లు, పిలిపించే గుడి అనుసరించే మత సంప్రదాయంలోనే సభ్యుడని రుజువు. రెండేళ్ల పని అనుభవం గ్రీన్ కార్డు కోసం వేసే ఐ-360 పిటిషన్‌కి కావాలి. చాలామంది తడబడేది ఇక్కడే.

1. అర్చకుడి ఊళ్లోని గుడి నుంచి లెటర్‌హెడ్ మీద కొత్త ఉత్తరం తెప్పించండి. "మంచి అర్చకుడు" అంటే చాలదు. వైఖానసమో పాంచరాత్రమో (వైష్ణవ ఆలయ పూజా సంప్రదాయాలు) పేరు పెట్టి, ఏ తేదీ నుంచి ఆ సంప్రదాయంలో ఉన్నారో రాయాలి. తెలుగులో ఉంటే ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి ధ్రువీకరణ తప్పనిసరి.
2. ఆగమ పాఠశాల సర్టిఫికెట్ జతచేయండి.
3. అన్నీ ఒకేసారి, ఆర్‌ఎఫ్‌ఈలో ఇచ్చిన గడువులోపు పంపండి. విడతలుగా పంపితే తర్వాతివి చూడరు.