రెండు ల్యాబులు, రెండు ఫలితాలు

ప్రశ్న: మా అమ్మగారికి ఏసీటీహెచ్ రక్తపరీక్షను చెన్నైలోనే రెండు ల్యాబుల్లో చేయిస్తే ఫలితాలు చాలా తేడాగా వచ్చాయి. దేన్ని నమ్మాలి? – ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఏసీటీహెచ్ అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి విడుదల చేసే హార్మోను; అది అడ్రినల్ గ్రంథుల చేత కార్టిసాల్ అనే మరో హార్మోనును తయారు చేయిస్తుంది. 39 అమైనో ఆమ్లాల ఈ పెప్టైడును (చిన్న ప్రొటీను లాంటి అణువును) రక్తంలోని ఎంజైములు త్వరగా ముక్కలు చేస్తాయి కనుక, నమూనాను రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ఉన్న ఊదారంగు మూత ట్యూబులో తీసి, వెంటనే ఐసులో పెట్టి, చల్లని సెంట్రిఫ్యూజులో ప్లాస్మాను వేరుచేయాలి. ఇంటి దగ్గర తీసిన రక్తం ఐసు లేకుండా చెన్నై ఎండలో బండిమీద వెళితే, ల్యాబుకు చేరేలోపే అంకె పడిపోవచ్చు. ఈ పరీక్షకు వాడే ఇమ్యునోఎస్సేలో (యాంటీబాడీలతో కొలిచే పద్ధతిలో) రెండు యాంటీబాడీలు ఒకే అణువును రెండు చోట్ల పట్టుకుంటేనే సంకేతం వస్తుంది. విరిగిన ముక్క లెక్కకు రాదు. పరీక్ష కిట్ తయారుచేసే కంపెనీని బట్టి యాంటీబాడీలు మారతాయి కాబట్టి వేర్వేరు కిట్ల అంకెలను పోల్చడం సరికాదు. అమ్మగారు జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కొన్ని కిట్లలో అవి ఫలితాన్ని తగ్గించి చూపిస్తాయి. ఆయన సలహాతో ఉదయం 8 గంటల ప్రాంతంలో, ల్యాబులోనే రక్తమిచ్చి, కార్టిసాల్‌తో కలిపి మళ్లీ చేయించండి.