నోరు జారే మొదటి మాట

తల్లీ,

వచ్చే నెల నుంచి హెల్ప్‌లైన్‌లో కూర్చోబోతున్నావని, ఈలోపు మానసిక ఆరోగ్యం గురించి నీ సొంత నమ్మకాలనూ పక్షపాతాలనూ ఒకసారి పరిశీలించుకోమన్నారని, అది ఎలా చేయాలో తెలియడం లేదని రాశావు. చివర్లో "నాకైతే అలాంటి చిన్నచూపు ఏమీ లేదు పెద్దమ్మా" అని తగిలించావు కూడా. అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ మాట అబద్ధమని అనను. దాదాపు అందరూ చెప్పేది అదే. "నాకు పక్షపాతం ఉందా?" అని మనసును అడిగితే, అది తనకు గౌరవంగా ఉండే జవాబే ఇస్తుంది. నమ్మకాలు మనం ఒప్పుకునే వాక్యాల్లో దొరకవు. ఎవరైనా "నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది" అన్నప్పుడు తలలో ముందు మెదిలే మాటలో దొరుకుతాయి. ఎవరి మాట నమ్మావు, ఎవరిని ఇంకోసారి అడిగి నిర్ధారించుకున్నావు అన్నదాంట్లో దొరుకుతాయి. కాబట్టి మనసును ప్రశ్నించడం మానేసి, ముందు సాక్ష్యం పోగుచెయ్యి.

చేతిలో ఇమిడే చిన్న పుస్తకం ఒకటి తీసుకో. ఫోన్‌లో వద్దు. ఫోన్‌లో రాసినదాన్ని చెరిపి అందంగా దిద్దుతాం, ఇక్కడ మనకు కావాల్సింది దిద్దని మాటే. 14 రోజులు రాయి, రోజుకు మూడు సందర్భాలు దాటక్కర్లేదు. ఒక్కోదానికి నాలుగు ముక్కలు: ఏం జరిగింది, తలలో మెదిలిన మొదటి మాట, ఆ క్షణాన ఒంట్లో ఏమైంది, నువ్వేం చేశావు. ఏ రోజుది ఆ రోజే రాయాలి. మర్నాటికి ఆగితే మొదటి మాట పోయి, దాని స్థానంలో మర్యాదైన మాట వచ్చి కూర్చుంటుంది. ఎవరి పేర్లూ రాయకు.

ఒక పేజీ ఇలా ఉంటుంది అనుకో: "బుధవారం. ఆఫీసులో ఒకతను ఆందోళన ఎక్కువగా ఉందని ఈ వారం రెండోసారి సెలవు పెట్టాడు. మొదటి మాట: మళ్లీ మొదలెట్టాడు. ఒంట్లో: దవడ బిగిసింది. చేసింది: జాగ్రత్త అని మెసేజ్ పెట్టి, అతని పని ఇంకొకరికి అప్పగించాను, అతన్ని అడగలేదు."

మెసేజ్ చూస్తే ఏ తప్పూ లేదు. నమ్మకం రెండు చోట్ల నక్కి ఉంది. "మళ్లీ" అన్న మాటలో ఇదొక సాకేమో అన్న అనుమానం ఉంది. "అడగలేదు" అన్న దాంట్లో, ఈ స్థితిలో ఉన్నవాడు తన పని సంగతి తాను తేల్చుకోలేడు అన్న తీర్పు ఉంది. మొదటిది చాలామందికి కనిపిస్తుంది. రెండోది దయలా ఉంటుంది గనుక కనిపించదు. నన్నడిగితే రెండోదే ఎక్కువ కాలం నిలిచేది. మానసిక సమస్య ఉన్న మనిషిని చిన్నపిల్లాడిలా చూడడం కూడా చిన్నచూపే, కాకపోతే గొంతు మెత్తగా ఉంటుంది.

ఈ రెండు వారాలూ తీర్పులు చెప్పుకోకు, రాస్తూ పో. 15వ రోజున ఓ గంట తీరిక చేసుకుని మొత్తం చదువు. ప్రతి మొదటి మాట పక్కన అది దేని గురించో ఒక్క మాటలో రాయి: కారణమా (బద్ధకం, పెంపకం, పనీపాటా లేకపోవడం), ప్రమాదమా (ఏం చేస్తాడో ఏమో), నయమవడమా (ఇంక ఇంతే), నమ్మకమా (నిజంగానే ఉందా, నటనా), దూరమా (మనకెందుకొచ్చిన గొడవ). రెండు వారాల రాతలో ఒకే మాట నాలుగైదుసార్లు కనిపిస్తే, పని పెట్టుకోవాల్సింది దానిమీదే. మిగతావాటిని ప్రస్తుతానికి వదిలెయ్.

తర్వాత మార్పిడి పరీక్ష. నీ వాక్యంలో జబ్బు పేరు తీసేసి ఉబ్బసమో షుగరో పెట్టి చదువు. "మనసు గట్టి చేసుకుంటే ఆ ఉబ్బసం అదే పోతుంది." "షుగరుకి ఇన్నాళ్లు మందులెందుకు, మానెయ్." నోటికి ఎబ్బెట్టుగా తగిలితే అక్కడేదో ఉంది. అయితే ఈ పరీక్షకు ఒక హద్దుంది, ఎవరూ చెప్పరు గనుక నేను చెబుతున్నాను. డిప్రెషన్ అచ్చంగా షుగరు లాంటిది కాదు. రక్తపరీక్షలో తేలదు, మాట్లాడి, గమనించి నిర్ధారిస్తారు. అప్పులు, ఇంట్లో హింస, ఒంటరితనం, వంశపారంపర్యం, ఒంటి జబ్బులు అన్నీ కలగలిసి ఉంటాయి. "మెదడులో ఏదో రసాయనం తగ్గింది, అంతే" అనడం కూడా ఒక నమ్మకమే, శాస్త్రం మొత్తం అది కాదు. పైగా జబ్బును పూర్తిగా మెదడు మీదికి నెట్టేస్తే రోగిని నిందించడం తగ్గుతుంది గానీ, "అయితే ఇది నయం కాదు" అనే నిరాశ పెరుగుతుందని ఈ విషయం మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టినట్టు.

ఇక 20 గళ్ల కాగితం. ఎమొరీ బొగార్డస్ అనే సామాజికవేత్త 1925లో జాతుల మధ్య ఎడాన్ని కొలవడానికి ఒక మెట్ల పద్ధతి తయారుచేశాడు. దాన్నే తర్వాతివాళ్లు మానసిక రోగాలకూ వాడారు. నిలువునా ఐదు పేర్లు రాయి: డిప్రెషన్, ఆందోళన, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ అతి దిగులుకీ మధ్య ఊగే జబ్బు), స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోనివి నిజమని గట్టిగా నమ్మడం లాంటివి ఉండే జబ్బు), మద్యానికి బానిసవడం. అడ్డంగా నాలుగు మెట్లు: పక్క సీట్లో పనిచేయడం, పక్కింట్లో ఉండడం, మీ పిల్లల్ని గంటసేపు అప్పగించడం, వియ్యమందడం. ఒక్కో గడిలో మూడు సెకన్లలో అవునో కాదో పెట్టెయ్. ఎక్కువగా కనిపించే ఆకారం ఇది: డిప్రెషన్ దగ్గర అవును చాలా దూరం వెళ్తుంది, స్కిజోఫ్రీనియా దగ్గర రెండో మెట్టులోనే ఆగిపోతుంది, మద్యం దగ్గర భయం కాదు, ఏవగింపు వస్తుంది. మానసిక ఆరోగ్యం గురించి నాకు సానుభూతి ఉంది అనుకునేవాళ్ల సానుభూతి చాలాసార్లు మొదటి రెండు పేర్ల దగ్గరే అయిపోతుంది.

కాదు అని పెట్టిన ప్రతి గడీ పక్షపాతమని అనుకోకు. దాని పక్కన ఒక ప్రశ్న రాసుకో: నేను భయపడుతున్నది ఏ పనికి? అది ఈ మనిషి చేయగా చూశానా, లేక జబ్బు పేరు విని ఊహించానా? రాత్రంతా తాగే మనిషికి పిల్లల్ని అప్పగించకపోవడం వివేకం. పదేళ్లుగా నిలకడగా మందులు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి, జబ్బు పేరు తెలియగానే, అప్పగించకపోవడం వేరే సంగతి.

భయం దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఎక్కడో నేరం జరిగితే, చేసినవాడికి మతి స్థిమితం లేదని వార్తలో వస్తుంది. స్కిజోఫ్రీనియా ఉన్న మనిషి పొద్దున్నే లేచి పనికి వెళ్లి సాయంత్రం ఇంటికొస్తే అది వార్త కాదు. అలా మన తలలో ఒకే రకం ఉదాహరణలు పోగవుతాయి. మానసిక రోగాలున్నవాళ్లలో చాలా ఎక్కువమంది ఎవరికీ హాని చేయరు, హింసకు గురయ్యే అవకాశమే వాళ్లకు ఎక్కువ. అలాగని అసలు ప్రమాదమే లేదని ఎదురు అబద్ధం చెప్పుకోకు. తీవ్రమైన జబ్బుకు వైద్యం లేక, పైగా తాగుడో మత్తుమందో తోడైతే ప్రమాదం కొంత పెరుగుతుంది. ఉన్నదున్నట్టు తెలిస్తేనే నమ్మకం నిలబడుతుంది.

కొన్ని నమ్మకాలకు ఆత్మపరిశీలన అక్కర్లేదు, సమాచారం చాలు. స్కిజోఫ్రీనియా అంటే ఒక మనిషిలో ఇద్దరుండడం కాదు. ఆ పేరు 1908లో అయిగన్ బ్లాయిలర్ అనే స్విస్ మానసిక వైద్యుడు పెట్టాడు, చీలిక అంటే ఆయన ఉద్దేశం ఆలోచనకూ భావానికీ మధ్య పొందిక తెగడం. అల్మారా నీటుగా సర్దుకునేవాళ్లకి ఓసీడీ (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే జబ్బు) ఉన్నట్టు కాదు. ఈ మందులకు అలవాటుపడిపోతారన్న మాట సగం నిజం, సగం పొరపాటు: డిప్రెషన్ మందులు మత్తుమందుల్లా ఇంకా కావాలనే యావ పుట్టించవు, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలో, ఇంకొంచెం ఎక్కువో పడుతుంది. కానీ హఠాత్తుగా ఆపితే తలతిరుగుడు, నిద్రలేమి, చిరాకు రావచ్చు గనుక డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. అలవాటుపడే ప్రమాదం ఉన్నవి బెంజోడయజెపైన్ జాతి నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు. రెండింటినీ కలిపేసి "ఆ మందులన్నీ అంతే" అనడం వల్ల అవసరమైనవాళ్లు వేసుకోవడం మానేస్తారు.

హెల్ప్‌లైన్‌లో నీకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. పుట్టదు. సూటిగా అడగాలి: "చనిపోవాలని అనిపిస్తోందా?" "పిచ్చి ఆలోచనలేమీ రావడం లేదు కదా?" అని అడిగావంటే, లేదు అనే జవాబు నువ్వే వాళ్ల నోట్లో పెట్టినట్టు. ఉందంటే, ఎలా అనుకుంటున్నారో, దానికి కావాల్సినవి దగ్గరున్నాయో అడుగు. అవి దూరంగా పెట్టించు, ఒంటరిగా ఉండనివ్వకుండా తోడెవరో కనుక్కో, ఆలస్యం చేయకుండా మీ పర్యవేక్షకులకూ అత్యవసర సాయానికీ చెప్పు. ఈ ప్రశ్నను ఇప్పటినుంచే అద్దం ముందు పదిసార్లు పైకి అను. మొదటి రెండుమూడు సార్లు గొంతు పూడుకుపోతుంది. ఆ తడబాటు అవతలివాళ్లకు వినిపిస్తే, ఇది మాట్లాడకూడని విషయం కాబోలు అనుకుంటారు.

ఇక మనం వాడే మాటల సంగతి. పిచ్చి అనే మాట తెలుగులోంచి తీసెయ్యాలని నేననను. పిచ్చిగీతలూ, పిచ్చిమొక్కలూ ఎవరినీ ఏమీ అనవు. చూడాల్సింది ఆ మాట మనిషి మీదికి ఎప్పుడు తిరుగుతుందా అన్నది. ఇంగ్లీషులో విశేషణమైన "మెంటల్" మన దగ్గరికొచ్చేసరికి "వాడో మెంటల్" అని ఏకంగా మనిషే అయిపోయింది. ఆ మాట అన్నాక అతను చెప్పేది ఇంక వినక్కర్లేదు, దాని పని అదే. "కొంచెం తేడా", "నరాల బలహీనత" అని గొంతు తగ్గించి చెప్పడం ఇంకో రకం: తిట్టు లేదు గానీ, పైకి చెప్పకూడని, సిగ్గుపడాల్సిన విషయమని అవతలివాళ్లకు తెలిసిపోతుంది. నీ పుస్తకంలో ఈ రెండు రకాలూ వెతుకు.

ఒంటి బాధను మనసు ఖాతాలో వేసెయ్యడం మరో చోటు. మానసిక రోగం ఉందని తెలిసిన మనిషి ఛాతీలో నొప్పి అంటే "అది ఆందోళనేలే" అనేస్తారు, డాక్టర్లు కూడా. తీవ్రమైన మానసిక రోగాలున్నవాళ్లు మిగతావాళ్లకంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అందులో చాలాభాగం నివారించగలిగే ఒంటి జబ్బులవల్లే. కాబట్టి నొప్పి అంటే ముందు నొప్పే అనుకో.

ఇక నీ సంగతి. ఒక కాగితం మీద రాయి: రెండు వారాలుగా నాకు ఏ పనిమీదా మనసు పోకపోతే ఎవరికి చెబుతాను, ఎన్నాళ్లు ఆగి చెబుతాను? అదే నీ స్నేహితురాలికి వస్తే ఎన్నాళ్లు ఆగమంటావు? ఆమెకు "రేపే వెళ్లు" అని, నీకు "చూద్దాం, ఇంకో నెల" అని వస్తే, ఆ తేడా ఎంతో నీ నమ్మకం అంత. మనకు మనం పెట్టుకున్న కఠినమైన నియమం, అలిసిపోయిన రోజున ఎదుటివాళ్లమీదికి జారుతుంది.

ఎక్కడ చెడుతుందో కూడా విను. మొదటి వారంలోనే సిగ్గేసి చాలామంది రాయడం ఆపేస్తారు, లేదా మంచి మాటలే రాయడం మొదలుపెడతారు. పుస్తకం శుభ్రంగా కనిపిస్తోందంటే అనుమానించు. కొందరు ఇంట్లోవాళ్ల మాటలు దిద్దడానికి బయల్దేరతారు, అది తన పుస్తకం చూసుకోకుండా తప్పించుకునే దారి. మీటలు నొక్కే వేగంతో దాగిన పక్షపాతాన్ని కొలిచే కంప్యూటర్ పరీక్ష ఒకటి 1998లో వచ్చింది, ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ అంటారు, కావాలంటే సరదాగా చేసుకో. ఈ రోజు ఒక ఫలితం, వచ్చే వారం ఇంకొకటి వస్తుంది, దాన్ని సర్టిఫికెట్ చేసుకోకు. ఇంకొందరు ఆ ఆలోచనే రాకూడదని బిగబట్టుకుంటారు. బిగబట్టిన ఆలోచన రెట్టింపై వస్తుంది. ఆలోచనను రానీ, దాని వెంట వచ్చే పనిని మార్చు. ఎక్కువసార్లు వచ్చిన మాట ఒక్కటి తీసుకుని దానికి జతగా ఒక వాక్యం రాసుకో: "ఎవరైనా సెలవు అడిగితే, మళ్లీ అన్న మాట తలలోకి వస్తే, పని ఎలా సర్దుదామని ముందు అతన్నే అడుగుతాను." ఒక నెలకు ఒక్కటే. మూడు పెట్టుకుంటే ఏదీ జరగదు.

హెల్ప్‌లైన్‌లో కొత్త పక్షపాతం ఒకటి అంటుకుంటుంది, అది ముందే తెలిసి ఉండాలి. నీకు ఫోన్ చేసేవాళ్లంతా తమ అతి చెడ్డ గంటలో చేస్తారు. కుదుటపడ్డవాళ్లు మళ్లీ చేయరు. ఏడాది తిరిగేసరికి ఎవరూ బాగుపడరు అనిపించడం మొదలవుతుంది. దానికి విరుగుడు, కోలుకున్న మనుషులను సాయం చేసేదానిగా కాకుండా సమానంగా కలవడం, ఒకే పని కలిసి చేయడం. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు, ఊరికే కలిస్తే చాలదు, సమాన హోదాలో, ఉమ్మడి పని మీద కలవాలని. వాళ్లు మాట్లాడేటప్పుడు సలహా ఇవ్వకు, వాళ్లు అడిగితే తప్ప.

ఆ 20 గళ్ల కాగితం మీద తేదీ వేసి కవరులో పెట్టి అంటించెయ్. మూడు నెలలయ్యాక పాతది చూడకుండా కొత్తది నింపి, అప్పుడు కవరు విప్పు. ఒకట్రెండు గళ్లు మారితే చాలా ఎక్కువ. ఏమీ మారకపోతే ఆ కాగితం పట్టుకుని నాకు ఫోన్ చెయ్యి, ఏ గడి దగ్గర ఆగిపోయిందో కలిసి చూద్దాం.

నీ పెద్దమ్మ