శిఖం పట్టా ఉంటే చెరువు పూడ్చొచ్చా?

ప్రశ్న: సార్, మాది నల్లగొండ పట్నానికి దగ్గరి ఊరు. నేను మా మత్స్య సహకార సంఘంలో మెంబర్ని. మా పెద్ద చెరువు నలభై ఎకరాల పైనే ఉంటది. సంక్రాంతి పోయిన వారం నుంచి ఒకాయన శిఖంల (చెరువు నిండితే మునిగే నేల) టిప్పర్లతోని మొరం పోయిస్తున్నడు. అడిగితే పట్టా పాసుబుక్కు చూపిస్తున్నడు, ప్లాట్లు చేస్తనంటున్నడు. ఇంకో దిక్కు కొత్త కాలనీల మోరీ నీళ్లు వాగు వెంట వచ్చి చెరువుల పడుతున్నయి. మే నెలల ఒక్క రాత్రికే చేపలన్నీ తేలినయి. కొందరు హైడ్రాకు రాయమంటున్నరు, కొందరు కోర్టుకు పొమ్మంటున్నరు. మేం ఏం చెయ్యాలె? నష్టపరిహారం వస్తదా?

జవాబు: ముందు హైడ్రా సంగతి. చెరువుల ఆక్రమణలు తొలగించడానికి 2024 జూలైలో ఏర్పాటైన ఆ సంస్థ పరిధి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు దాకానే. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెరువులు దాని కిందికి రావు. మీకు తహసీల్దారు, నీటిపారుదల శాఖ, మున్సిపాలిటీ, కాలుష్య నియంత్రణ మండలి, ఆ పైన కోర్టులు.

మీ ఉత్తరంలో రెండు కేసులున్నాయి. మొరం ఒకటి, మోరీ ఒకటి. రెండూ కలిపి ఒకే అర్జీ ఇస్తే అది రెవెన్యూ నుంచి ఇరిగేషన్‌కు, అక్కడి నుంచి మున్సిపాలిటీకి తిరుగుతూనే ఉంటుంది. విడివిడిగా రాయండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చినా సరే, రసీదు లేకుండా వెనక్కి రావద్దు. రేపు హైకోర్టులో రిట్ వేయాల్సి వస్తే జడ్జి గారు మొదట అడిగేది "అధికారులకు ఎప్పుడు చెప్పారు?" అనే.

ఇప్పుడు పట్టా. మా దగ్గరికి వచ్చే చెరువు కేసుల్లో సగం ఈ మాట దగ్గరే నీరుగారిపోతాయి. పాసుబుక్కు చూడగానే ఊరివాళ్లు వెనక్కి తగ్గుతారు. తగ్గనక్కర లేదు. శిఖం రెండు రకాలు. ప్రభుత్వ శిఖమైతే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం చాలు. చెరువు గర్భం ప్రభుత్వ ఆస్తి అని ఆ చట్టం రెండో సెక్షనే చెబుతుంది. తహసీల్దారు ఏడో సెక్షన్ కింద నోటీసిచ్చి, ఆరో సెక్షన్ కింద ఖాళీ చేయించవచ్చు. రెండోది పట్టా శిఖం. తెలంగాణలో ఇది చాలాచోట్ల ఉంది. ఆ రైతు హక్కు నిజమైనదే, దాన్ని కాదనకండి. నీళ్లు తగ్గాక నేల తేలినప్పుడు సాగు చేసుకుంటాడు. కానీ ఆ హక్కు నీళ్లకు లోబడిన హక్కు. మొరం పోసి నేల ఎత్తు పెంచి నీళ్లు రాకుండా చేసే అధికారం పట్టాలో లేదు. పోసిన ప్రతి టిప్పరూ చెరువులో అంత నీటికి చోటు లేకుండా చేస్తుంది. ఆ నీరు అవతలి రైతు పొలంలోకో, మత్తడి (అలుగు) మీదుగా దిగువ ఊరికో పోతుంది.

ప్లాట్ల విషయంలో మీకు ఇంకో బలముంది. 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168వ జీవో భవన నిబంధనల ప్రకారం చెరువు నిండు నీటి మట్టం, అంటే ఎఫ్‌టీఎల్ లోపల కట్టడానికి వీల్లేదు. పది హెక్టార్లు, అంటే సుమారు పాతిక ఎకరాలు, ఆపైన ఉన్న చెరువులకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి మరో 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు. మీది నలభై ఎకరాలు కాబట్టి 30 మీటర్ల లెక్కే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు అయినంత మాత్రాన ఈ నిబంధన పోదు. ప్లాటు కొనబోయే వాళ్లకు ఈ మాట ఇప్పుడే చెప్పండి. నష్టపోయేది వాళ్లే.

అందుకే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో తేలడమే మీ కేసుకు ప్రాణం. కొల్లేరు సంగతి గుర్తు చేసుకోండి. అక్కడ 1999లో ఐదో కాంటూరు (ఎత్తును చూపే గీత) దాకా అభయారణ్యంగా ప్రకటించారు. ఆ గీత కాగితం మీద ఉంది కాబట్టే 2006లో చేపల చెరువుల గట్లు పేల్చగలిగారు. మీ చెరువుకు ఆ గీత ఎఫ్‌టీఎల్. సమాచార హక్కు కింద నీటిపారుదల శాఖను ఎఫ్‌టీఎల్ మ్యాపు, చెరువు మెమోయిర్ (చెరువు కొలతల రికార్డు) అడగండి. తహసీల్దారు దగ్గర ఊరి నక్షా, సేత్వార్ (తొలి సర్వే నాటి భూముల రిజిస్టరు), 1954-55 ఖాస్రా పహాణీ (ఆనాటి భూమి, సాగు రికార్డు) అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఖాస్రాలో ఆ సర్వే నంబరు ఎదురుగా శిఖం అని ఉంటే, ఇవాళ భూభారతి ఆన్‌లైన్ రికార్డులో ఏమని కనబడినా మీ వాదన నిలబడుతుంది. రెవెన్యూ, ఇరిగేషన్ జాయింట్ సర్వే చేసి రాళ్లు పాతాలని రాతపూర్వకంగా కోరండి. ఊళ్లో చెరువు నీళ్లు వదిలే పాత నీరటి ఉంటే సర్వే రోజు వెంట తీసుకెళ్లండి. నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో ఆయన చూపించినంత స్పష్టంగా మరెవరూ చూపించలేరు.

మోరీ విషయానికి వద్దాం. దీనికి 1974 నీటి కాలుష్య నివారణ చట్టం. అందులో 'ప్రవాహం' అనే మాటకు అర్థం నది ఒక్కటే కాదు, మనుషులు తవ్విన నీటి వనరులు కూడా. 24వ సెక్షన్ ప్రకారం అందులోకి కలుషిత నీరు వదలకూడదు, వదలనివ్వకూడదు. వదిలేది మున్సిపాలిటీ అయినా అంతే. డబ్బుల్లేవనే సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే రత్లాం మున్సిపాలిటీ కేసులో చెప్పింది.

చేపలు తేలినప్పుడు మీరు సీసాలో నీళ్లు పట్టి దాచి ఉంటే, అదొక్కటే రుజువుగా చాలదు. నమూనా కాలుష్య నియంత్రణ మండలి అధికారే తీయాలి. మళ్లీ అలా జరిగితే తెల్లవారకముందే మండలి ప్రాంతీయ ఆఫీసుకూ, మత్స్యశాఖకూ ఫోన్ చేసి, పంచనామా రాయించండి. వేళ కూడా రాయించాలి. మురుగు కుళ్లి నీళ్లలో ప్రాణవాయువు పడిపోతే అది మరీ తక్కువకు దిగేది తెల్లవారుజామునే. మీరు 'ఒక్క రాత్రికే' అన్నది అందుకు సరిపోతోంది. ఏ ఫ్యాక్టరీ నీళ్లో వదిలారేమో అనే అనుమానానికి, దీనికి తేడా తేలేది అక్కడే.

ఇక గడువు. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, మనకైతే చెన్నై బెంచికి, 14వ సెక్షన్ కింద వెళ్లాలంటే కారణం మొదట పుట్టిన రోజు నుంచి ఆరు నెలల్లోపే. సరైన కారణం చూపితే మరో 60 రోజులు. మొరం సంక్రాంతి తర్వాత వారానికి మొదలైందంటే జూలై మూడో వారంతో ఆరు నెలలు నిండుతాయి. అర్జీలు తిరుగుతున్నాయి కదా అని కూర్చుంటే హక్కు చేజారుతుంది. పరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే, వకీలు లేకుండా మీరే వాదించుకోనూ వచ్చు. పిటిషన్‌లో తడినేలల నియమాలు 2017 మీద ఆధారపడకండి. సాగునీటి కోసం కట్టిన చెరువులు ఆ నిర్వచనంలోకి రావు. అవతలి వకీలు మొదట పట్టుకునేది దాన్నే. నీటి చట్టం మీద నిలబడండి. ఇది ఊరందరి బతుకు ప్రశ్న అని కూడా చూపాలి. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన జిల్లా మనది. చెరువు నీరు ఇంకితే బోర్ల నీళ్లలో ఫ్లోరైడ్ పలచబడుతుంది, చెరువు పూడిపోతే బోరు ఇంకా లోతు రాతిలోకి పోతుంది. మీ బోర్ల నీటి పరీక్ష రిపోర్టులు ఏవున్నా జత చేయండి.

పరిహారం వస్తుందా అన్నారు. హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షన్ కింద అడగవచ్చు, చెరువును మళ్లీ పూర్వస్థితికి తెమ్మని కూడా. దానికి గడువు ఐదేళ్లు. అడిగే మొత్తంలో ఒక శాతం ఫీజు కట్టాలి. అవతలివాళ్లు నిర్లక్ష్యం చేశారని మీరు నిరూపించక్కర్లేదు కానీ నష్టమెంతో నిరూపించాలి. సంఘం లీజు కాగితం, చేపపిల్లలు వదిలిన రిజిస్టరు, గత మూడేళ్ల అమ్మకాల రసీదులు పోగు చేయండి. సంఘం పేరు మీదే వేయండి. అందుకు తీర్మానం రాసి సభ్యులంతా సంతకాలు పెట్టాలి. ఆ మీటింగు ఈ ఆదివారమే పెట్టుకోండి.