బోనస్‌తో ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొనవచ్చా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఏడాదికి 30 లక్షల జీతం. ఇంటి రుణం వాయిదా 62,000తో కలిపి నెల ఖర్చు 1.25 లక్షలు. పొదుపు ఖాతాలో 2.5 లక్షలున్నాయి. ఆదివారాలు మిత్రులతో కలిసి తురహళ్లి, అవలహళ్లి మట్టిదారుల్లో పాత గేర్ల సైకిల్ తొక్కుతాను. వాళ్లవీ మామూలు సైకిళ్లే, కానీ ఎత్తు రాగానే నేను వెనకబడుతున్నాను. 18.5 కిలోల తేలికపాటి ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్‌కు (పెడల్ తొక్కుతుంటే మోటారు సాయపడే సైకిల్) 4.80 లక్షలు, పెద్ద మోటారుతో 24 కిలోలున్న దానికి 4.20 లక్షలు చెబుతున్నారు. జూలైలో 4 లక్షల బోనస్ వస్తుంది. అది వాడాలా, లేక 14 శాతం వడ్డీకి 3 లక్షలు మూడేళ్ల రుణం తీసుకోవాలా? డాలస్ నుంచి వస్తున్న మా బావమరిది తాను తెస్తానంటున్నాడు. గత ఏడాది తొక్కిన లెక్కలు జతచేశాను.

జవాబు: ముందుగా మీ బావమరిదిని ఆపండి. ప్రయాణికుల విమానంలో 160 వాట్ అవర్లు (బ్యాటరీలో పట్టే విద్యుత్తు కొలత) దాటిన లిథియం బ్యాటరీని చేతిసంచిలోనూ, లగేజీలోనూ తేనివ్వరు. ఈ సైకిళ్ల బ్యాటరీలు అంతకంటే చాలా పెద్దవి. పాపం ఆయన సైకిల్ తెస్తాడు, దాని ప్రాణం డాలస్‌లో ఉండిపోతుంది.

ఇక తేలికా, బరువా? మీరు మూడో అంతస్తులో ఉంటున్నామనీ, లిఫ్టు లేదనీ లేఖ చివర ఒక్క ముక్క రాశారు. నాకు మొత్తం లేఖలో అదే ముఖ్యంగా కనిపించింది. 24 కిలోలంటే ఇంచుమించు ఒక బియ్యం బస్తా. మా వీధి కిరాణా కుర్రాడు బస్తా భుజాన వేసుకుని రెండో అంతస్తు మలుపు దగ్గర గోడకు ఆనించి ఊపిరి తీసుకుంటాడు. వాడికి ఇరవై ఏళ్లు, పైగా బస్తాకు హ్యాండిలూ పెడళ్లూ ఉండవు. తేలికపాటి వాటిలో కొన్నింటికి బ్యాటరీ ఫ్రేము లోపలే బిగించి ఉంటుంది, విడిగా తీసి ఇంట్లో చార్జింగ్ పెట్టుకోవడం కుదరదు. మీ పార్కింగ్‌లో ప్లగ్ లేకపోతే ప్రతి చార్జింగ్‌కూ సైకిల్ మొత్తం పైకెక్కాల్సిందే. ఇది కొనే ముందే అడగండి.

ఎత్తులు ఎక్కేటప్పుడు మాత్రం ఈ బరువు తేడా మీరనుకున్నంత ఉండదు. మీరు 80 కిలోలనుకుంటే, సైకిల్‌తో కలిపి 104కు బదులు 98.5 అవుతుంది. అంటే అయిదు శాతం పైచిలుకు, అంతే. తేలిక సుఖం తెలిసేది మలుపుల్లో, దిగుడుల్లో, బండ మీదుగా ఎత్తి దాటించేటప్పుడు, మోటారు ఆపేసి తొక్కేటప్పుడు. అందుకు బదులుగా వదులుకునేది మోటారు బలం. ట్రెక్ ఫ్యూయెల్ ఈఎక్స్ఈ అనే తేలికపాటి సైకిల్‌లో వాడే టీక్యూ కంపెనీ మోటారు టార్క్ (తిప్పే బలం) 50 న్యూటన్ మీటర్లు, బ్యాటరీ 360 వాట్ అవర్లు. పెద్ద మోటార్లు 85, ఆపైన ఇస్తాయి. మిత్రులందరూ పెద్ద మోటార్లు కొని ఉంటే మీరు చిన్నదానితో మళ్లీ వెనకే ఉండేవారు. వాళ్లు కాళ్లతోనే తొక్కుతున్నారు కాబట్టి మీకు చిన్న మోటారు చాలు. నూరు కిలోలను అయిదు వందల మీటర్ల నిలువెత్తు ఎక్కించడానికి 136 వాట్ అవర్లు కావాలి, మట్టీ గులకరాళ్లూ మింగేది అదనం. అందులో సగం మీ కాళ్లు పంచుకుంటాయి కనుక ఒక ఆదివారానికి 360 సరిపోతుంది. చార్జింగ్ ఖర్చు గురించి అడగకండి, అర యూనిట్టు కూడా దాటదు.

కాబట్టి ఎంపిక సరైనదే, తేలికదే తీసుకోండి. కానీ ఈ జూలైలో వద్దు.

మీరు పంపిన లెక్కలే చూద్దాం. “ఆదివారాలు తొక్కుతాను” అన్నారు. గత ఏడాది తొక్కింది 14 సార్లు. వాటిలో తొమ్మిది నంది కొండ వైపు తారురోడ్డు మీదే. మన నిబంధనల ప్రకారం లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఇలాంటి సైకిల్‌కు గంటకు 25 కిలోమీటర్లు రాగానే మోటారు సాయం ఆగిపోవాలి. చదునైన తారురోడ్డు మీద ఆ వేగం దాటితే లావు టైర్లనూ, బ్యాటరీ బరువునూ మీరే మోస్తారు. మట్టిలో తొక్కింది అయిదుసార్లు. నాలుగేళ్లు వాడి 2 లక్షలకు అమ్మారనుకుందాం. నిర్వహణకు ఏడాదికి 25,000 వేసుకుంటే, మొత్తం ఖర్చు ఏడాదికి 95,000. అయిదుసార్లకైతే ఒక్కో పూట 19,000. ఇరవై అయిదుసార్లు తొక్కితే 3,800. మొదటి అంకె మీ ఇంట్లో వాళ్లకు చూపించే ధైర్యం నాకైతే ఉండదు. (2016లో నేను కొన్న కెమెరాకు ఇలాంటి లెక్క వేసుకోలేదు. దాని సంచికి జిప్పు ఇప్పటికీ బిగువుగానే ఉంది.)

బోనస్ 4 లక్షలు అంటున్నారు గానీ, మీ శ్లాబులో 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు పోగా చేతికొచ్చేది 2.75 లక్షలు. మీ దగ్గరున్న 2.5 లక్షలు రెండు నెలల ఖర్చుకు సరి. మీ రంగంలో ఉద్యోగం పోతే రెండు నెలల్లో మరొకటి దొరుకుతుందని మీరు నమ్మవచ్చు, నేను నమ్మలేను. బోనస్‌లో 2 లక్షలు అత్యవసర నిధికి వేయండి. అప్పటికి కూడా నాలుగు నెలలైనా నిండవు, కానీ ఇప్పటికంటే నయం.

రుణం జోలికి వెళ్లవద్దు. 14 శాతానికి 3 లక్షలు తీసుకుంటే నెల వాయిదా సుమారు 10,250, మూడేళ్లలో వడ్డీ 69,000. సరదా కోసం వడ్డీ కట్టేవారిని నేను తప్పుపట్టను గానీ, ఇంటి రుణం నెత్తిన ఉండగా అక్కర్లేదు.

బోనస్‌లో మిగిలిన 75,000 పక్కన పెట్టి, నెలకు 15,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ఏడాదికి 2.55 లక్షలవుతుంది, వడ్డీ వేరే. వచ్చే జూలై బోనస్ నుంచి 2.25 లక్షలు కలిపితే అప్పు లేకుండా 4.80 చేతిలో ఉంటుంది. ఒక షరతు: ఈలోగా పాత సైకిల్‌తోనే మట్టిదారుల్లో ఇరవై అయిదుసార్లు తొక్కాలి. తొక్కలేకపోతే ఆ డబ్బు అత్యవసర నిధిలోకి వెళ్తుంది.

కొనే రోజున దుకాణదారును రెండు విషయాలు రాతపూర్వకంగా అడగండి: మోటారు పాడైతే బెంగళూరులోనే ఎవరు చూస్తారు, బ్యాటరీ మార్చాల్సివస్తే ఇవాళ్టి ధర ఎంత. ఇది మోటారు వాహనం కాదు కనుక వాహన బీమా తప్పనిసరి కాదు, దొంగతనానికి విడిగా పాలసీ తీసుకోవాలి. నడిపి చూడమన్నప్పుడు మోటారు ఆపేసి ఒకసారి తొక్కండి. తర్వాత ఆ దుకాణం మెట్లెక్కి, అదే సైకిల్‌ను భుజాన మోసుకుని పై అంతస్తు దాకా వెళ్లి రండి.